ఇంటర్ చదువుతూ డిజైన్ పని మొదలుపెట్టాలనుకుంటున్నా: రేటు, అడ్వాన్సు, తెలుగు ఫాంట్ల గురించి చెప్పండి

రంగులపెట్టె:
అందరికీ నమస్కారమండీ. నాకు 16 ఏళ్లు. పాలకొల్లులో ఉంటాం. ఇంటర్ మొదటి సంవత్సరం, సీఈసీ, డే స్కాలర్‌ని. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేయడం ఇష్టం. టెన్త్ అయ్యాక సెలవుల్లో ఫోన్‌లో కాన్వా, తర్వాత అన్నయ్య పాత ల్యాప్‌టాప్‌లో (4 జీబీ ర్యామ్) ఫొటోపీ (ఫొటోషాప్ లాంటిదే, బ్రౌజర్‌లో నడుస్తుంది) నేర్చుకున్నాను. పిన్ని వాళ్ల గృహప్రవేశానికి వాట్సాప్ కార్డు చేస్తే బంధువుల గ్రూపుల్లో తిరిగింది. అప్పటి నుంచి ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు మూడు పనులు వచ్చాయి. మా వీధిలో పచ్చళ్లు పెట్టి అమ్మే ఆంటీకి సీసాల మీద లేబుల్, ఒక టిఫిన్ సెంటర్‌కి మెనూ బోర్డు, అమ్మ స్నేహితురాలి కూతురి ఓణీల ఫంక్షన్ కార్డు. వీటిని సరదా పనుల్లా చేసి వదిలేయకుండా డబ్బులు తీసుకుని పద్ధతిగా చేయాలని ఉంది. కానీ ఎంత అడగాలో తెలియట్లేదు. తెలిసినవాళ్లని అడ్వాన్సు ఎలా అడుగుతాం? ఫొటోషాప్ ఉన్న ఒక ఫ్రెండ్ దగ్గర తెలుగు టైప్ చేస్తే వత్తులన్నీ విడిపోయాయి. 18 నిండకుండా బిజినెస్ అంటే చట్టం ఒప్పుకుంటుందా? అమ్మకి చదువు పాడవుతుందని టెన్షన్. ఈ థ్రెడ్ అమ్మకి కూడా చూపిస్తాను. దయచేసి వివరంగా చెప్పండి.

ప్రెస్‌బాబాయ్:
శుభం తల్లీ. మాది రాజమండ్రిలో ఆఫ్‌సెట్ ప్రెస్. తెలుగు అక్షరం చూడముచ్చటగా పేర్చేవాళ్లు కరువైపోయారు, నువ్వు ఈ వైపు రావడం నాకు సంతోషం. మీ పాలకొల్లు నుంచి వెళ్లిన ఈశ్వర్ గారు సినిమా పబ్లిసిటీ డిజైన్‌లో ఎంత పేరు తెచ్చుకున్నారో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడుగు. ఆయన టైటిల్ అక్షరాలు చేత్తోనే గీసేవారు. అలాంటి పాత పోస్టర్లు దొరికితే బొమ్మల కంటే ముందు అక్షరాలు చూడు. నీకు ఉచితంగా దొరికే బడి అది.

ఇక శుభలేఖలూ ఫంక్షన్ కార్డుల విషయం. ఇందులో రంగు కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ ఏమీ అనరు. పేరు తప్పుపడితే మాత్రం ఆ ఇంటి వాళ్లు జన్మలో మర్చిపోరు. మేటర్ ఫోన్లో చెబితే రాసుకోవద్దు. వాళ్ల చేత్తో కాగితం మీద రాయించి ఫొటో తెప్పించుకో, లేదా వాట్సాప్‌లో టైప్ చేసి పంపమను. ఇంటిపేరు, పేరు, ఊరు, తేదీ, వారం, తిథి, ముహూర్తం, లగ్నం ఒక్కొక్కటీ వాళ్ల రాతతోనే పోల్చి చూడు. క్యాలెండర్ తీసి తేదీకీ వారానికీ పొంతన కుదిరిందో లేదో నువ్వే చూసుకో. అర్ధరాత్రి దాటాక ముహూర్తం అయితే "శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం" అని వేయాలి. ఈ ఒక్క మాట లేకపోతే సగం మంది బంధువులు ఒక రోజు ఆలస్యంగా దిగుతారు.

ప్రూఫ్ (ప్రింట్‌కి ముందు చూపించే నమూనా) పంపాక "బావుంది" అంటే సరిపోదు. ఇంట్లో పెద్దాయన ఎవరైనా పైకి చదివి, "అంతా సరిచూశాం, ప్రింట్ చేయండి" అని రాసి పంపాలి. ఆ మెసేజ్ వచ్చేదాకా ఫైల్ మా చేతికి ఇవ్వకు. తర్వాత తప్పు బయటపడి మళ్లీ ప్రింట్ చేయాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిదన్న గొడవ రాదు.

అక్షరాభిమాని:
వత్తులు విడిపోవడం గురించి నేను చెబుతాను. నాకు రోజూ ఉండే పని ఇది.

ఫొటోషాప్ మామూలు సెట్టింగుల్లో ఇంగ్లీషు లాంటి లిపులకే సిద్ధంగా ఉంటుంది. అందుకే "స్త్రీ", "లక్ష్మి", "శ్రీ" ముక్కలైపోతాయి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ అన్న పేజీకి వెళ్లి, టెక్స్ట్ ఇంజిన్ దగ్గర మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అన్నది ఎంచుకుని, ప్రోగ్రామ్ మూసి తెరవాలి. అప్పుడు కూడా పాత ఫైల్‌లో కాకుండా కొత్త ఫైల్‌లో టైప్ చేసి చూడాలి. కొత్త వెర్షన్లలో ఇదే వరల్డ్ రెడీ లేఅవుట్ అన్న పేరుతో కనిపిస్తుంది.

నీ ల్యాప్‌టాప్‌కి ఇంక్‌స్కేప్, జింప్ సరిపోతాయి. రెండూ ఉచితం, రెండింట్లోనూ తెలుగు ఏ తిప్పలూ లేకుండా సరిగ్గా పడుతుంది. లోగోలు, లేబుళ్లు, కార్డులు ఇంక్‌స్కేప్‌లో చెయ్యి. అందులో గీసినవి వెక్టార్ కాబట్టి ఎంత పెద్దది చేసినా అంచులు పగలవు. ఫొటో దిద్దాల్సినప్పుడే జింప్. ఒక మాట గట్టిగా చెబుతున్నా: క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. దాంతోపాటు వచ్చే వైరస్ సంగతి అలా ఉంచు, డబ్బులు తీసుకుని చేసే పనికి దొంగ సామాను వాడటం మొదలుపెట్టే వయసు కాదిది.

ఫాంట్లకి వస్తే, మనకి మంచి కాలమే. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన రామభద్ర, మండలి, సూరన్న, పెద్దన, ధూర్జటి, గిడుగు, గురజాడ వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి డబ్బులు తీసుకునే పనుల్లోనూ నిశ్చింతగా వాడుకోవచ్చు. ఫాంట్ ఫైల్‌ని విడిగా అమ్మకూడదు, అంతే. టిఫిన్ సెంటర్ బోర్డు పేరుకి రామభద్ర వేసి చూడు, లావుగా దూరానికి బాగా కనిపిస్తుంది. ధరల పట్టికకి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ వెయ్యి. ఒకే ఫాంట్ కుటుంబంలో సన్నం నుంచి లావు దాకా కావాలంటే అనేక్ తెలుగు ఉంది.

కొత్తవాళ్లు పట్టించుకోనిది వరుసల మధ్య ఖాళీ. ఇంగ్లీషుకి పెట్టినంతే తెలుగుకీ పెడితే పై వరుసలోని వత్తు వెళ్లి కింది వరుసలోని గుడికి తగులుతుంది. అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు దగ్గర మొదలుపెట్టి కంటికి నచ్చేదాకా సర్దుకో. అక్షరాలని పక్కకి సాగదీయకు, నొక్కకు. లావు కావాలంటే లావు ఫాంట్ వాడు. గీత చుట్టూ గీత వేసి లావు చేస్తే "ఘ", "ఝ" లాంటి వాటి పొట్టలు పూడుకుపోతాయి.

బొమ్మలు తయారుచేసే ఏఐ టూల్స్ మీద కూడా ఒక మాట. వెనక రంగులకి, పూలతోరణాలకి వాడుకుంటే వాడుకో, తెలుగు అక్షరాలు మాత్రం దానితో వేయించకు. చూడటానికి తెలుగులాగే ఉంటాయి, చదవబోతే తప్పులు బయటపడతాయి. అక్షరం నువ్వే టైప్ చెయ్యి. నీ దగ్గరికే ఎందుకు రావాలి అంటే చెప్పుకోడానికి ఇదే కారణం.

ఫ్లెక్స్‌షాపు:
నల్గొండలో మాది ఫ్లెక్స్ ప్రింటింగ్. చెల్లీ, నిన్ను భయపెట్టాలని కాదు, మార్కెట్ ఎలా ఉందో చెబుతున్నా. మా దగ్గర చదరపు అడుగుకి ఇంత అని రేటు. డిజైన్ ఫ్రీ. ఊళ్లో ఏ షాపుకి వెళ్లినా ఇంతే. మా కుర్రాడు పాత ఫైల్ తీసి, ఫొటో మార్చి, పేరు మార్చి పది నిమిషాల్లో బర్త్‌డే బ్యానర్ ఇచ్చేస్తాడు. ఆ పనికి నీకు విడిగా డబ్బులు ఇచ్చేవాళ్లు ఉండరు. కాబట్టి పుట్టినరోజు ఫ్లెక్సీలతో మాతో పోటీకి దిగకు.

మేం చేయలేనివి చెయ్యి. ఒక షాపుకి పేరు, బోర్డు, బిల్లు పుస్తకం, కవరు అన్నీ ఒకే పోలికలో ఉండేలా చేసే ఓపిక మాకు ఉండదు. పచ్చళ్ల లేబుళ్లు, మెనూలు, ఇన్‌స్టాగ్రామ్‌లో నెలనెలా వేసే పోస్టులు, ఇవన్నీ కూర్చుని ఆలోచించి చేసేవి. మా దగ్గరికి అలాంటివి వస్తే మేమే బయటికి పంపుతాం. మీ ఊళ్లో ఒక షాపు ఓనర్‌తో పరిచయం పెట్టుకో, పనులు అటు నుంచి కూడా వస్తాయి.

ఫ్లెక్స్‌కి ఫైల్ పంపాల్సి వస్తే అసలు సైజులో 72 డీపీఐ (అంగుళానికి 72 చుక్కలు) చాలు. 6 అడుగులు, 4 అడుగుల బోర్డు అంటే 5184 × 3456 పిక్సెల్స్. దానికి 300 పెడితే నీ ల్యాప్‌టాప్ ఆగిపోతుంది, మా మెషీన్‌కి అదనంగా ఒరిగేదీ లేదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపకు, డాక్యుమెంట్‌గా పంపు. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, బోర్డు మీద అంతా మసక.

ఇద్దరుపిల్లలఅమ్మ:
మీ అమ్మగారు చదువుతారన్నావు కాబట్టి ఒక తల్లిగా రాస్తున్నా. అమ్మాయికి ఉత్సాహం ఉండటం బాగానే ఉంది. కానీ ఇంటర్ రెండేళ్లు మళ్లీ రావు. ఫంక్షన్ల వాళ్లకి అన్నీ రేపే కావాలి. రాత్రి 11కి ఫోన్ చేసి "మా బావగారి పేరు వేయలేదు" అంటారు. రేపు పరీక్ష ఉంది అంటే వింటారా? నాకైతే డిగ్రీలో చేరాక మొదలుపెడితే మంచిదనిపిస్తోంది.

పైగా ఆడపిల్ల ఫోన్ నంబరు ఊళ్లో షాపులన్నింటికీ వెళ్తుంది. అదొకటి ఆలోచించండి.

డిజైన్‌స్టూడెంట్:
అండీ, మీ భయం అర్థమైంది. నేనూ ఇంటర్‌లోనే మొదలుపెట్టాను, ఇప్పుడు హైదరాబాద్‌లో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) అప్లైడ్ ఆర్ట్ చదువుతున్నా. మా ఇంట్లో ఒక ఒప్పందం ఉండేది. వారం మధ్యలో కొత్త పని ఒప్పుకోకూడదు, శని ఆదివారాల్లోనే పని, ఫిబ్రవరి మార్చి పూర్తిగా బంద్. ముందే చెబితే మనుషులు వింటారు. "ఆదివారం సాయంత్రానికి ఇస్తాను" అని ఒప్పుకున్నాక శనివారం రాత్రి ఫోన్ చేసేవాళ్లు చాలా తక్కువ.

చదువు, ఇది వేరు వేరు అనుకోనక్కర్లేదు కూడా. డిజైన్ చదవాలనుకుంటే ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్వాలేదు. ఐఐటీల్లో బీడీఎస్‌కి ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ రాయాలి. ఎన్ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) డాట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. మన రాష్ట్రానికే ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ వచ్చింది. హైదరాబాద్‌లో ఫ్యాషన్ చదువుకి నిఫ్ట్, ఫైన్ ఆర్ట్స్‌కి జేఎన్ఏఎఫ్ఏయూ ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. వీటిలో కొన్నింట్లో బొమ్మలేయడం, ఆలోచనని గీసి చూపించడం కూడా పరీక్షిస్తారు. సీఈసీ చదివే అమ్మాయికి ఈ దారి ఉందని చాలా ఇళ్లలో తెలియదు. చేసిన ప్రతి పనికీ మొదటి గీతల నుంచి చివరి ప్రింట్ దాకా ఫొటోలు దాచుకో చెల్లీ.

(పైన తొందరలో బీడీఎస్ అని రాశాను, అది బీడిజైన్. పళ్ల డాక్టర్ కోర్సు అనుకోకండి అమ్మగారూ.)

ఇక రేటు. నీ గంటకి ఒక విలువ కట్టుకో. ఉదాహరణకి 100 రూపాయలు అనుకుందాం. మెనూ బోర్డుకి మాట్లాడటానికి ఒక గంట, గీయడానికి మూడు, మార్పులకి రెండు పడతాయి అనిపిస్తే 600. అందులో రెండుసార్లు మార్పులు కలిసి ఉన్నాయని, మూడోసారి నుంచి ఒక్కోసారికి ఇంత అని ముందే రాసి పంపు. "చిన్న మార్పే కదా" అనే మాట దగ్గరే మన సమయమంతా పోతుంది. లోగోకి మాత్రం గంటల లెక్క సరిపోదు. అది ఆ షాపు ఏళ్ల తరబడి వాడుకునేది, అందుకని ఎక్కువ అడగడంలో తప్పు లేదు.

సగం అడ్వాన్సు తీసుకున్నాకే మొదలుపెట్టు. మిగతా సగం వచ్చాకే పెద్ద సైజు ఫైల్ ఇవ్వు. అప్పటిదాకా చూపించేది చిన్న సైజు జేపెగ్, మీద అడ్డంగా "ప్రూఫ్" అని రాసి.

రంగులపెట్టె:
అన్నయ్యా, తెలిసినవాళ్ల దగ్గర ఇవన్నీ ఎలా అడగాలి? ఓణీల ఫంక్షన్ వాళ్లు అమ్మకి బాగా దగ్గర. "పిల్ల సరదాగా చేస్తుందిలే" అన్నారట.

డిజైన్‌స్టూడెంట్:
మొదట్లో రెండు మూడు పనులు ఊరికే చేసి ఇవ్వు. నలుగురూ చూస్తారు, అదే ప్రచారం.

ఫ్లెక్స్‌షాపు:
నేను ఒప్పుకోను తమ్ముడూ. ఊరికే చేసిన పనికి అందరూ సలహాలు ఇస్తారు, ఎవరూ విలువ ఇవ్వరు. ఫ్రీగా చేయించుకున్నవాళ్లు ఇంకొకరికి చెప్పేటప్పుడు కూడా "ఆ అమ్మాయి ఫ్రీగా చేస్తుంది" అనే చెబుతారు. డిజైన్ ఫ్రీ అని బోర్డు పెట్టుకుని బతుకుతున్న మాకు ఆ కష్టం బాగా తెలుసు.

ప్రెస్‌బాబాయ్:
మధ్యే మార్గం ఒకటుంది. దగ్గరివాళ్లకైనా బిల్లు రాసి ఇవ్వు. "కార్డు డిజైన్ 800, మా తరఫున కానుక 800, ఇవ్వాల్సింది సున్నా" అని. కానుకగా ఇచ్చినట్టు వాళ్లకి తెలుస్తుంది, పని విలువ ఎంతో కూడా తెలుస్తుంది. ఫంక్షన్‌కి వచ్చినవాళ్లు ఎవరు చేశారు, ఎంత అయింది అని అడిగితే 800 అనే చెబుతారు. ఇది ఇంట్లోవాళ్లు, మేనత్తలు, అమ్మకీ నాన్నకీ బాగా దగ్గరివాళ్ల వరకే. దూరపు చుట్టాలకి మామూలు రేటే.

జమాఖర్చు:
చట్టం, బ్యాంకు సంగతులు అడిగారు కాబట్టి. నేను అకౌంట్స్ చూస్తుంటాను.

18 నిండనివారు చేసుకున్న ఒప్పందం మన దేశంలో చెల్లదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 11వ సెక్షన్ చెప్పేది ఇదే, 1903లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకి పై కోర్టు) కూడా మైనర్ ఒప్పందం మొదటి నుంచే చెల్లదని తేల్చింది. దీని అర్థం పని చేయకూడదని కాదు. రాతకోతలన్నీ అమ్మ పేరుతో ఉండాలి. కొటేషన్ కింద అమ్మ సంతకం, డిజైన్ చేసింది మీరు అని ఒక మాట. లోగో హక్కులు పూర్తిగా షాపు వాళ్లకి ఇచ్చేయాలంటే అది కూడా రాతపూర్వకంగా ఉండాలి, నోటిమాటతో బదిలీ అవ్వదు.

డబ్బు ఎక్కడికి రావాలి? పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు చాలాకాలం కిందటే అనుమతించింది, 2025 ఏప్రిల్‌లో ఆ నిబంధనలని సవరించి మళ్లీ చెప్పింది. పరిమితులు ఏ బ్యాంకుకి ఆ బ్యాంకువి. మీ బ్యాంకులో అడగండి. మైనర్‌కి పాన్ కార్డు కూడా వస్తుంది, తల్లిదండ్రులు దరఖాస్తు చేయాలి. 18 నిండాక ఫొటో, సంతకంతో మార్పించుకోవాలి.

పన్ను గురించి ఒక ముఖ్యమైన విషయం. మామూలుగా మైనర్ ఆదాయాన్ని తల్లి లేదా తండ్రి ఆదాయంలో కలిపేస్తారు. కానీ సొంత నైపుణ్యంతో, ప్రతిభతో సంపాదించినది అలా కలపరు, అది మీ ఆదాయమే. కొత్త పన్ను విధానంలో 4 లక్షల వరకు పన్ను లేదు కాబట్టి ఇప్పుడే కంగారు అక్కర్లేదు. అమ్మ ఖాతాలో పడినా సరే, తేదీ, ఎవరు, ఏ పని, ఎంత అని ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాదికి 20 లక్షలు దాటితేనే. "జీఎస్టీ నంబర్ తీయిస్తాం, ఇంత కట్టండి" అని వచ్చేవాళ్లని నమ్మకండి.

ఆన్‌లైన్‌లో పనులు దొరికే సైట్ల సంగతి కూడా చెప్పేస్తా. అప్‌వర్క్‌కి 18 నిండాలి. ఫైవర్‌లో 13 దాటినవాళ్లు తల్లిదండ్రుల అకౌంట్ ద్వారా మాత్రమే పని చేయొచ్చు. వయసు ఎక్కువ వేసి అకౌంట్ తెరిస్తే, పని అంతా చేశాక డబ్బు తీసుకునే దగ్గర గుర్తింపు కార్డు అడిగి ఆపేస్తారు.

డాలస్‌తెలుగు:
ఇక్కడ మాకు అక్షరాభ్యాసం, సీమంతం, ఓణీల ఫంక్షన్లకి మంచి తెలుగులో వాట్సాప్ కార్డు చేసేవాళ్లు దొరకడం కష్టం. ఇంగ్లీషులో రాసిన పేర్లని చూసి సరైన తెలుగులో వేయగలిగితే మా వాళ్లు తప్పకుండా తీసుకుంటారు. మేటర్ ముందురోజు సాయంత్రం పంపితే మాకు తెల్లారేసరికి ప్రూఫ్ వస్తుంది, అది మాకూ సుఖం. నీ శని ఆదివారాల పద్ధతి మాకు సరిపోతుంది.

జమాఖర్చు:
బయటి దేశం నుంచి వచ్చే డబ్బు అమ్మ బ్యాంకు ఖాతాకే రప్పించుకోండి. పేపాల్ లాంటివాటికి 18 నిండాలి. ఇండియాలో ఉన్న వాళ్ల తల్లిదండ్రుల ద్వారా యూపీఐ చేయిస్తే ఇంకా తేలిక.

ఇద్దరుపిల్లలఅమ్మ:
శని ఆదివారాలు మాత్రమే, పరీక్షలప్పుడు బంద్ అనే పద్ధతి నాకు నచ్చింది. అలా అయితే నేనూ ఒప్పుకుంటాను. కాలేజీల్లో డిజైన్ చదువు గురించి రాసిన బాబుకి థాంక్స్, మా చిన్నవాడికి కూడా చూపిస్తాను.

ఫోన్ విషయం మాత్రం గట్టిగా చెబుతున్నా అమ్మా. పనికి వేరే సిమ్ తీసుకుని, అమ్మ ఫోన్‌లో వేసి వాట్సాప్ బిజినెస్ పెట్టించు. ప్రొఫైల్‌లో నీ ఫొటో వద్దు, లోగో పెట్టు. షాపులకి వెళ్లాల్సి వస్తే అమ్మతోనో అన్నయ్యతోనో పగలే వెళ్లు. ఎవరైనా పని గురించి కాక వేరే మాటలు మొదలుపెడితే జవాబు ఇవ్వకుండా అమ్మకి చూపించు. పని పోయినా పర్వాలేదు.

జమాఖర్చు:
దానికి తోడు ఇంకొకటి. "అడ్వాన్సు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని అడిగితే అది మోసమే. మనకి డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. పెద్ద ఆర్డర్ అని ఆశపెట్టి ఇలా చేస్తారు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అక్షరాభిమాని:
పచ్చళ్ల లేబుల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఈ మూడు పనుల్లో జాగ్రత్తగా చేయాల్సింది అదే.

ఆహార పదార్థాల లేబుల్ అంటే అందంతో పాటు చట్టం కూడా ఉంటుంది. పదార్థం పేరు, ఏమేం వేశారో వాటి జాబితా, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్ నంబరు, తయారుచేసినవారి చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరు ఉండాలి. శాకాహారం అయితే ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క. మాంసాహారానికి ఇదివరకటి గోధుమరంగు చుక్క పోయి, ఇప్పుడు గోధుమరంగు చదరంలో త్రిభుజం వచ్చింది. గోదావరి జిల్లా కాబట్టి ఆంటీ రొయ్యల పచ్చడి కూడా పెడుతుంటారు అనుకుంటున్నా. దానికి త్రిభుజం వేయాలి, రొయ్యలు ఉన్నాయని అలర్జీ హెచ్చరిక కూడా రాయాలి.

తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలన్నది నిబంధన. దానికి అదనంగా తెలుగు ఎంతైనా వేసుకోవచ్చు. కాబట్టి ముందు పక్క "మాగాయ", "గోంగూర" అని తెలుగులో పెద్దగా, కంటికి నిండుగా వెయ్యి. వెనక పక్క వివరాలు ఇంగ్లీషులో పెట్టు. తయారీ తేదీకి ఖాళీ గడి వదులు, ఆంటీ ప్రతి బ్యాచ్‌కి స్టాంపు వేసుకుంటారు. ఆంటీకి ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ లేకపోతే ముందు అది తీసుకోమని చెప్పు. వాళ్ల సైట్‌లో ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. ఊరికే ఏదో ఒక నంబరు వేసి ఇమ్మంటే మాత్రం వెయ్యకు.

ఫ్లెక్స్‌షాపు:
ఆ మాటకొస్తే హీరోల ఫొటోలు కూడా. టిఫిన్ సెంటర్ వాళ్లు "మెనూ మీద మా హీరో ఫొటో వెయ్యి" అంటారు, రోజూ చూస్తుంటాం. అభిమానంతో కట్టే బ్యానర్ వేరు, వ్యాపార ప్రకటన వేరు. అనుమతి లేకుండా తన పేరు, రూపం వాడుకోకుండా నాగార్జున గారు 2025లో ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. గూగుల్‌లో దొరికిన ఇడ్లీ ఫొటో కూడా ఎవరో తీసిందే. అక్కడి ఇడ్లీనే కిటికీ వెలుతుర్లో ఫోన్‌తో ఫొటో తీసుకో, అదే బాగుంటుంది.

ఎలక్షన్ల టైమ్‌లో పోస్టర్ల పని కూడా వస్తుంది. వాటి మీద ప్రింటర్, పబ్లిషర్ పేర్లు, చిరునామాలు తప్పనిసరిగా ఉండాలి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్. పేర్లు లేకుండా చేసిమ్మంటే ఎంత డబ్బు ఇస్తామన్నా వద్దు. నీ వయసుకి ఆ పనులే వద్దు, నన్నడిగితే.

రంగులపెట్టె:
అందరికీ చాలా చాలా థాంక్సండీ. అమ్మ మొత్తం చదివింది. శని ఆదివారాల పద్ధతికి ఒప్పుకుంది, వేరే సిమ్ తనే తీసుకుంటానంది. ఓణీల ఫంక్షన్ వాళ్లకి బాబాయ్ గారు చెప్పినట్టు కానుక బిల్లు రాసిస్తున్నా. టిఫిన్ సెంటర్ ఆయనకి 600 అని, సగం అడ్వాన్సు అని రాసి పంపితే ఏమీ బేరం ఆడకుండా వెంటనే 300 పంపారు! మెనూలో "పెసరట్టు ఉప్మా" అన్నది ఒకే వరుసలో పట్టట్లేదు, ఇంక్‌స్కేప్‌లో మండలితో కుస్తీ పడుతున్నా.

పచ్చళ్ల ఆంటీకి ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉందట, కాగితం చూపించారు. లేబుల్ ఆఫ్‌సెట్‌లో వేయించాలంటున్నారు. బాబాయ్ గారూ, ప్రెస్‌కి ఫైల్ ఎలా ఇవ్వాలి? మా ఊళ్లో ప్రెస్ ఆయన పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్స్‌తో ఇమ్మంటున్నారు. నా దగ్గర అవి లేవు.

ప్రెస్‌బాబాయ్:
పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. అయినా మా వాళ్ల చేతికి అలవాటైపోయి ఇప్పటికీ దాని మీదే నడిపిస్తున్నారు. అను ఫాంట్లు యూనికోడ్ (ఇప్పుడు ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ వాడే ఉమ్మడి పద్ధతి) కాదు కాబట్టి నీ మేటర్ అక్కడ తెరిస్తే పిచ్చిగీతల్లా పడుతుంది. నువ్వు అవి కొనక్కర్లేదు, పీడీఎఫ్ ఇస్తానని చెప్పు. ఏ ప్రెస్ వాడైనా తీసుకుంటాడు.

ఇచ్చే ముందు అక్షరాలన్నింటినీ కర్వ్స్ చెయ్యి. ఇంక్‌స్కేప్‌లో పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ అని ఉంటుంది. అలా చేశాక అక్షరం బొమ్మైపోతుంది, వాళ్ల దగ్గర ఫాంట్ లేకపోయినా మారదు. కానీ మళ్లీ టైప్ చేసి దిద్దలేవు, అందుకని కర్వ్స్ చేయని కాపీ ఒకటి వేరే పేరుతో దాచుకో.

లేబుల్ సైజుకి నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ రంగు వదులు, కటింగ్‌లో కొంచెం జరిగినా తెల్ల అంచు కనిపించదు. రాత మాత్రం అంచుకి 3 మిల్లీమీటర్లు లోపలే ఉండాలి. ఫొటోలు ఉంటే 300 డీపీఐ.

నల్ల రాత దగ్గర జాగ్రత్త. ఇంక్‌స్కేప్ నుంచి వచ్చేది ఆర్‌జీబీ, అంటే స్క్రీన్ రంగుల పద్ధతి. ప్రెస్‌లో దాన్ని నాలుగు ఇంకు రంగులకి (నీలి, గులాబి, పసుపు, నలుపు) మార్చినప్పుడు నలుపు కాస్తా నాలుగు ఇంకుల మిశ్రమం అయిపోతుంది. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా చిన్న అక్షరాల చుట్టూ ఎరుపు, నీలం నీడలు వచ్చి, వెనక పక్క ఉన్న సన్న వివరాలు చదవడానికి పనికిరావు. అందుకని బొమ్మ, పెద్ద అక్షరాల పేరు వరకు ఇంక్‌స్కేప్‌లో చేసి, సన్న నల్ల రాత మాత్రం స్క్రైబస్ అనే పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్‌లో పెట్టు. అదీ ఉచితమే, 1.6 వెర్షన్ తీసుకో, తెలుగు సరిగ్గా పడుతుంది. అందులో రాతకి నలుపు 100, మిగతా మూడూ సున్నా అని పెట్టి పీడీఎఫ్ తీయి.

లేబుల్ మీద నూనె కారుతుంది కాబట్టి లామినేషన్ చేయించమని ఆంటీకి చెప్పు. తేదీ స్టాంపు వేసే గడి మీద మాత్రం లామినేషన్ ఉంటే సిరా నిలవదు. ఆ గడిని వదిలేసేలా మీ ప్రెస్ ఆయన చేయగలడో లేదో ముందే కనుక్కో. కుదరదంటే తేదీకి చిన్న స్టిక్కర్ వేరేగా డిజైన్ చేసి ఇవ్వు, మూత మీద అంటించుకుంటారు.